నాన్నగారి సగటు ఎంత?

ఆంధ్రా క్రికెట్ సంఘం వారు 2024లో ఒక ప్రకటన ఇచ్చారు. రంజీ జట్టు మాజీ కెప్టెన్ హనుమ విహారి మీద ఫిర్యాదులు వచ్చాయట. అన్నిటి మీదా క్షుణ్ణంగా విచారణ జరిపిస్తారట. ఆ తర్వాత ఏం చేయాలో ఆలోచిస్తారట. ముచ్చటేసింది. కెప్టెన్సీ పోయింది జనవరిలో. విచారణ మాట వినబడింది ఫిబ్రవరి ఆఖర్లో. శవాన్ని దించాక కేసు కట్టే పోలీసుల గురించి విన్నాం గానీ, ఉరి తీసేశాక ఎఫ్ఐఆర్ రాసే స్టేషన్ మన రాష్ట్రంలోనే ఉందని అప్పుడే తెలిసింది.

కథ మీకు తెలిసిందే. ఇండోర్‌లో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్ ఫైనల్ నాలుగంటే నాలుగు పరుగుల తేడాతో పోయింది. ఆ రోజే విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. జనవరిలో విశాఖలో బెంగాల్‌తో మొదటి మ్యాచ్ ఆడుతుండగా జట్టులోని పదిహేడో ఆటగాడి మీద అరిచానన్నాడు. ఆ అబ్బాయి వెళ్ళి నాన్నకు చెప్పాడన్నాడు. నాన్నగారు రాజకీయ నాయకుడు, ఆయన సంఘానికి చెప్పారు, సంఘం తనను కెప్టెన్సీ వదులుకోమంది అన్నాడు. ఆత్మగౌరవం పోయిన చోట ఇంక ఆడనని ముగించాడు. ఆ అబ్బాయేమో ఇదంతా అబద్ధమని, ఆట కంటే ఎవరూ గొప్ప కాదని, బూతులు ఎవరూ పడరని జవాబు రాశాడు. జట్టు సభ్యుల సంతకాలున్న కాగితమొకటి విహారి వైపు నుంచి బయటికొచ్చింది. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. ఆ అబ్బాయి ఎవరో, వాళ్ళ నాన్నగారు ఎవరో ఈ కాలమ్‌కి అనవసరం. నన్ను నిద్రపోనివ్వనిది ఆ అంకె ఒక్కటే. పదిహేడు.

క్రికెట్ నాకు తెలిసినంతలో పదకొండు మంది ఆట. పన్నెండో వాడు మంచినీళ్ళు మోస్తాడు. పదమూడో వాడు తువ్వాళ్ళు అందిస్తాడు. పద్నాలుగో వాడు పన్నెండో వాడికి కడుపు నొప్పి రావాలని దేవుడికి మొక్కుతాడు. ఇక పదిహేడో వాడంటే బస్సులో సీటు, హోటల్లో మంచం, గ్రూప్ ఫొటోలో ఓ మూల. అలాంటి చోట నిలబడ్డ వాడి తరఫున ఒక్క మాట వెళితే మొదటివాడి కుర్చీ కదిలిందన్న మాట నిజమే అయితే, ఇన్నాళ్ళూ మనం స్కోరుకార్డుని తలకిందులుగా చదువుతున్నామన్నమాట. పరుగులు, వికెట్లు, క్యాచ్‌లు అని లెక్కలు రాసుకుంటూ అసలు లెక్కని వదిలేశాం.

అందుకే క్రికెట్ గణాంక శాస్త్రానికి నా వంతుగా ఒక కొత్త కొలత సమర్పించుకుంటున్నాను. దాని పేరు నాన్నగారి సగటు. పరుగుల్ని అవుట్లతో భాగిస్తే వచ్చేది బ్యాటింగ్ సగటు. నాన్నగారి పదవిని, అవతలివాడు ఫోన్ ఎత్తడానికి పట్టిన రింగులతో భాగిస్తే వచ్చేది నాన్నగారి సగటు. మొదటి రింగుకే ‘చెప్పండన్నా’ అంటే సెంచరీ కింద లెక్క. మూడు రింగుల తర్వాత ఎత్తి ‘చూద్దాం లెండి’ అంటే ముప్పయ్యో నలభయ్యో. పీఏ ఎత్తి ‘సార్ మీటింగులో ఉన్నారండీ’ అంటే డకౌట్. ఎత్తకపోతే ఆ నాన్నకి క్రికెట్‌తో సంబంధం లేనట్టే, ఆయన కొడుక్కి కూడా.

ఈ కొలత లేకపోవడం వల్ల ప్రపంచ క్రికెట్‌లో ఎన్ని ఘోరాలు జరిగాయో చూడండి. బ్రాడ్‌మన్ 99.94 దగ్గర ఆగిపోయాడని డెబ్బై అయిదేళ్ళకు పైగా ఏడుస్తున్నారు. ఆగక ఏం చేస్తాడు? వాళ్ళ నాన్న బౌరాల్‌లో వడ్రంగి పని చేసుకునేవాడు. ఆయన ఫోన్ చేస్తే ఆ నాలుగు పరుగులు ఎవరిస్తారు? సచిన్ వాళ్ళ నాన్నగారు మరాఠీ ప్రొఫెసరు, పైగా కవి. కవి ఫోన్ చేస్తే ఎత్తే సెలెక్టరు ఈ భూమ్మీద ఉన్నాడా? ధోనీ వాళ్ళ నాన్న రాంచీలో మెకాన్ కంపెనీ పంపు ఆపరేటరు. మన హైదరాబాదీ సిరాజ్ వాళ్ళ నాన్న ఆటో నడిపేవారు. నా లెక్క అమల్లో ఉంటే వీళ్ళెవరూ ట్రయల్స్ గేటు కూడా దాటేవారు కాదు. మనకి ఎంత టికెట్ డబ్బు కలిసొచ్చేదో!

కొలత దొరికాక దాని చుట్టూ ఆటని తిరగరాయడం పెద్ద కష్టం కాదు. ట్రయల్స్‌కి వచ్చే పిల్లలు కిట్టు బ్యాగు మోసుకురానక్కర్లేదు, లెటర్‌హెడ్ తెస్తే చాలు. నవ్వకండి. తిరుమల కొండ మీద బ్రేక్ దర్శనానికి చెల్లుతున్న సిఫార్సు లేఖ మొదటి స్లిప్‌లో నిలబడటానికి ఎందుకు చెల్లదు? దేవుడి కంటే స్లిప్ కార్డన్ ఎక్కువా?

టాస్ నాన్నలు వేస్తారు. బ్యాటింగ్ ఆర్డర్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పై నుంచి కిందికి దిగుతుంది. జెడ్పీటీసీ గారబ్బాయి ఓపెనింగ్, ఎంపీటీసీ గారబ్బాయి వన్ డౌన్, వార్డు మెంబరు గారబ్బాయి వికెట్ మధ్యాహ్నం ఎండకి పగుళ్ళిచ్చాక. ఫీల్డింగ్‌లో షార్ట్ లెగ్ అనే ప్రమాదకరమైన చోటొకటి ఉంది, బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి తిన్నగా మోకాలి చిప్పకే వస్తుంది. అది కౌలు రైతు కొడుక్కి రిజర్వు. ఇద్దరూ ఒకే క్రీజులోకి పరిగెత్తారనుకోండి, ఎవరు రనౌటో అంపైరు చూడనక్కర్లేదు, వాళ్ళిద్దరికే తెలుసు. తక్కువ సగటు వాడు తలొంచుకుని పెవిలియన్ దారి పడతాడు.

డీఆర్ఎస్ ఖర్చు కూడా తప్పుతుంది. అవుటిచ్చిన వెంటనే కుర్రాడు చేతులతో ‘టి’ ఆకారం చూపించకుండా బొటనవేలూ చిటికెనవేలూ చెవి దగ్గర పెడతాడు. పదిహేను సెకన్లలో నాన్నగారు లైన్లోకి రావాలి. సిగ్నల్ అందకపోతే అంపైర్స్ కాల్.

మరి జట్టు క్రమశిక్షణ? దాని దగ్గరికే వస్తున్నా. ప్రతి కెప్టెన్‌కీ సంఘం ఒక పట్టిక ఇవ్వాలి. అరిచే ముందు చూసుకోవడానికి. నాన్నగారి సగటు పది లోపుంటే ‘ఏరా, చేతులకి నూనె రాసుకొచ్చావా?’ అనొచ్చు. ఇరవై దాటితే ‘కాస్త చూసి పట్టుకో నాయనా’ అనాలి. యాభై దాటినవాడు లడ్డూలాంటి క్యాచ్ వదిలేస్తే కెప్టెన్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, ‘మీ చేతుల్లో పడే అదృష్టం ఆ బంతికి లేదు సార్’ అని చెప్పి, బౌలర్‌కి ఓ నోటీసు ఇవ్వాలి. వంద దాటిన వాడు మైదానంలోకే రాడు కాబట్టి అతని విషయంలో క్రమశిక్షణ సమస్య తలెత్తదు. ఇన్ని జాగ్రత్తలు చెప్పినా నోరు జారే కెప్టెన్ ఉంటే అతని మీద చర్య తీసుకోవడం న్యాయమే. ఆటగాణ్ణి తిట్టినందుకు కాదు, లెక్కలు రానందుకు.

ఒక్క చిక్కుంది, దాచను. ఈ సగటు నిలకడగా ఉండదు. బ్యాట్స్‌మన్ ఫామ్ పోవడానికి నాలుగైదు మ్యాచ్‌లు పడుతుంది, నాన్నగారి ఫామ్ ఒక్క కౌంటింగ్ రోజు మధ్యాహ్నానికి పోతుంది. పొద్దున ఎనిమిదింటికి ఓపెనర్‌గా ప్యాడ్లు కట్టుకున్న కుర్రాడు మూడో రౌండ్ ఫలితం వచ్చేసరికి మంచినీళ్ళు మోస్తుంటాడు. మొన్నటి వరకూ మంచినీళ్ళు మోసినవాడు హెల్మెట్ ఇమ్మంటాడు. అందుకే చెబుతున్నా, వచ్చే సీజన్ జట్టుని రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారే ప్రకటిస్తే గొడవ ఉండదు. విహారి తరఫున అప్పటి ప్రతిపక్ష నాయకులు ఎంత వేగంగా ట్వీట్లు కొట్టారో చూశాం. సంతోషం. వాళ్ళకీ కార్పొరేటర్లున్నారు, వాళ్ళ కార్పొరేటర్లకీ కొడుకులున్నారు. ప్రభుత్వం మారితే నాన్నలు మారతారు, సగటు మారదు.

తండ్రి సగటు లేనివాళ్ళు సొంతంగా సంపాదించుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. మా గుంటూరు అంబటి రాయుడు ఆ ప్రయత్నం కూడా చేశాడు. 2023 డిసెంబరు 28న అప్పటి అధికార పార్టీ కండువా కప్పుకున్నాడు, జనవరి 6న విప్పేశాడు. టీ20 కంటే పొట్టి ఫార్మాట్ ఉంటుందని నిరూపించాడు తప్ప సగటు పెరగలేదు. అతను కండువా తీసేసిన రోజున విశాఖలో ఆ బెంగాల్ మ్యాచ్ రెండో రోజు ఆట నడుస్తోంది.

ఆ మ్యాచ్ సంగతీ చెప్పుకోవాలి. బెంగాల్ అంతకు ముందు ఏడాది ఫైనల్ ఆడిన జట్టు. వాళ్ళు 409 కొడితే మనవాళ్ళు 445 కొట్టి మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యం తెచ్చుకున్నారు. రికీ భుయ్ ఒక్కడే 175. ఫైనలిస్టుల మీద మూడు పాయింట్లు పట్టుకొచ్చిన కెప్టెన్ తర్వాతి మ్యాచ్‌కి కెప్టెన్ కాడు. అతని స్థానంలో వచ్చిన భుయ్ తప్పేం లేదు, ఆ సీజన్లో అతను ఆడినట్టు ఆడినవాడు దేశంలోనే అరుదు. కానీ అప్పుడు మనకి చెప్పిన కారణమేమిటి? వ్యక్తిగతం. బ్యాటింగ్ మీద దృష్టి పెట్టడానికి. సరేననుకున్నాం.

తర్వాత సంఘం ప్రకటనలో ఇంకో కారణం కనబడింది. విహారి భారత ఆటగాడు కాబట్టి జాతీయ జట్టుకి ఎంపికై సీజనంతా అందుబాటులో ఉండకపోవచ్చని సెలెక్షన్ కమిటీ ఛైర్మన్ ఈ-మెయిల్ పెట్టారట, అందుకే కొత్త కెప్టెనట. నా వ్యంగ్యం ఇక్కడ ఓడిపోయింది. ఇంత మంచి వాక్యం నేను రాయలేను. విహారి చివరి టెస్టు ఆడింది 2022 జులైలో, ఎడ్జ్‌బాస్టన్‌లో. ఆ తర్వాత పిలుపు లేదు. 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ టెస్టు వచ్చింది ఎక్కడికో కాదు, విశాఖకే. కోహ్లీ సెలవులో ఉన్నాడు. రాహుల్‌కి గాయం, జడేజాకి గాయం. పటీదార్ మొదటి టెస్టు ఆడాడు. తర్వాతి టెస్టులో సర్ఫరాజ్ ఆడాడు. జాతీయ జట్టు పీఎం పాలెం స్టేడియం గేటు దాకా వచ్చి కూడా విహారి గుర్తుకు రాలేదు. దేశంలో ఎవరికీ లేని నమ్మకం అతని మీద ఆంధ్రా సంఘానికొక్కదానికే ఉంది. ఆ నమ్మకంతోనే కెప్టెన్సీ తీసేసింది. అదే ప్రకటనలో కాస్త కిందికి వస్తే అతను అందరి ముందూ ఒక ఆటగాణ్ణి తిట్టాడని, బూతులు మాట్లాడతాడని ఫిర్యాదులున్నాయని ఉంది. వ్యక్తిగతం, జాతీయ జట్టు, బూతులు. ఒకే వికెట్‌కి మూడు రకాల అవుట్లు రాసిన స్కోరరు ఎక్కడైనా ఉన్నాడా?

అదే వారంలో భారత క్రికెట్ బోర్డు వారు తమ కాంట్రాక్టుల జాబితా ప్రకటించారు. శ్రేయస్ అయ్యర్ లేడు, ఇషాన్ కిషన్ లేడు. జాతీయ జట్టు పని లేనప్పుడు అందరూ దేశవాళీ క్రికెట్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని సలహా కూడా జోడించారు. బాగుంది. రంజీ ఆడనివాళ్ళకి ముంబైలో శిక్ష. రంజీ ఆడేవాడికి ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే విశాఖ బండెక్కాలి.

ఇంక చాలు. నాకు ఇది నవ్వులాటగా లేదు.

కెప్టెన్ జట్టు సభ్యుణ్ణి అందరి ముందూ బూతులు తిడితే తప్పు. పదహారు టెస్టులు ఆడినవాడు తిట్టినా తప్పే, పదిహేడో వాణ్ణి తిట్టినా తప్పే. ఆ కుర్రాడికి ఫిర్యాదు చేసే హక్కుంది, పరువు ఉంది, అతని తండ్రి ఎవరన్నది ఆ హక్కుని తగ్గించదు. విహారి తప్పు చేశాడని తేలితే జరిమానా వేయండి, మ్యాచ్ ఆపండి, అవసరమైతే సీజన్ ఆపండి. పెద్ద ఆటగాడని వదిలేయమని ఎవరూ అడగడం లేదు. 2019లో టీవీ షోలో పిచ్చి వాగుడు వాగినందుకు హార్దిక్ పాండ్యానీ రాహుల్‌నీ ఆస్ట్రేలియా నుంచి విమానం ఎక్కించి వెనక్కి పంపించారు. అది మరీ ఎక్కువని కొందరన్నారు, తక్కువని కొందరన్నారు. కానీ ఎందుకు పంపుతున్నారో దేశమంతటికీ చెప్పి పంపారు. సస్పెన్షన్ అని పేరు పెట్టి సస్పెండ్ చేశారు. విచారణ పెండింగ్ అని అప్పుడే అన్నారు. రాజీనామా అడిగి, దానికి వ్యక్తిగత కారణమని ముసుగు కప్పి, ఆ మనిషి నోరు విప్పాక ఆ ముసుగు మనమే లాగి ‘ఇదిగో ఇతని బూతులు’ అనడం క్రమశిక్షణ కాదు. పిరికితనం. జనవరిలో విహారి చేసింది నిజంగా అంత నేరమైతే జనవరిలోనే చెప్పాలి. అంత నేరం కాకపోతే కెప్టెన్సీ ఎందుకు తీశారు? అతను మౌనంగా ఉన్నంతకాలం ఆ ఫిర్యాదులు ఏ సొరుగులో పడుకున్నాయి?

ఎవరితో వ్యవహరిస్తున్నారో కూడా గుర్తు చేస్తాను. 2021 జనవరి, సిడ్నీ. తొడ కండరం చిరిగిపోయి పరుగు తీయలేని స్థితిలో విహారి 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నిలబడ్డాడు, అవతల నడుము పట్టేసిన అశ్విన్. ఆ టెస్టు ఓడిపోలేదు. 2023లో ఇదే ఇండోర్‌లో, ఇదే మధ్యప్రదేశ్ మీద, ఆవేశ్ ఖాన్ బంతికి ఎడమ మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకుని, పుట్టిన దగ్గర్నుంచీ కుడిచేతి వాటం ఆడినవాడు ఎడమచేతి వాటానికి తిరిగి నిలబడి, ఒంటి చేత్తో ఆంధ్రా కోసం బంతుల్ని ఆపాడు. ఒక ఇన్నింగ్స్ కాదు, రెండు ఇన్నింగ్సులూ. అది చూసి ఈ దేశంలో క్రికెట్ తెలిసిన వాడెవడూ ‘ఇతని నాన్న ఎవరు’ అని అడగలేదు.

అడిగి ఉంటే విహారే జవాబు చెప్పేవాడు. ఆ జవాబు 2019లో జమైకాలో చెప్పాడు కూడా. కింగ్‌స్టన్‌లో 111 కొట్టి, తన మొదటి టెస్టు సెంచరీని తండ్రికి అంకితం చేశాడు. తనకి పన్నెండేళ్ళప్పుడే నాన్న పోయారని, సెంచరీ కొట్టిన రోజున అది ఆయనకే ఇవ్వాలని ఎప్పుడో అనుకున్నానని చెప్పాడు. అమ్మ పెంచింది. అతణ్ణి తీసేసినప్పుడు అతని తరఫున ఎవరికీ ఫోన్ చేసే నాన్న లేడు. నేను ఇంతసేపూ తమాషాగా పేర్చిన లెక్కలో అతనికొచ్చేది సున్నా.

ఇప్పుడు సంఘం పెద్దలకి నా మాట. విచారణ అన్నారు, చేయండి, కానీ మొదలుపెట్టాల్సింది విహారి నోటితో కాదు, మీ ఫైళ్ళతో. ఆ కుర్రాడి ఫిర్యాదు మీ ఆఫీసుకి ఏ తేదీన చేరింది? సెలెక్షన్ కమిటీ ఛైర్మన్ ఈ-మెయిల్ ఏ తేదీన వచ్చింది? ఈ రెంటికీ మధ్య ఎవరెవరు ఎవరెవరికి ఫోన్ చేశారు? కెప్టెన్‌ని పిలిచి ‘నీ మీద ఈ ఆరోపణ ఉంది, నీ వాదనేమిటి’ అని ఎవరైనా ఒక్కసారైనా అడిగారా? అడిగితే ఆ కాగితం చూపించండి. మధ్యలో పదవిలో ఉన్నవాడి ఫోన్ ఏదీ రాలేదంటారా, అదీ రాసి సంతకం పెట్టండి. మరో ఎన్నికల ఫలితాలు వచ్చేదాకా ఆగకుండా పెట్టండి. అప్పటికి మీ కుర్చీల్లో ఎవరుంటారో మీకే తెలియదు.